పై వరుస ఖాళీగా ఉంచిన అర్జీ

నాకు ప్రభుత్వ ప్రకటనలు చదివే అలవాటు ఉంది. రిటైరయ్యాక మా తోటి టీచర్లలో కొందరు యాత్రలకు వెళ్ళారు, కొందరు మనవల్ని ఎత్తుకున్నారు. నాకు ఎత్తుకోవడానికి ఎవరూ లేరు, యాత్రలకు మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని పొద్దున్నే కాఫీ తాగుతూ పేపర్లో టెండర్లూ, వేలం ప్రకటనలూ, పేరు మార్చుకున్నవాళ్ళ ప్రకటనలూ అక్షరం వదలకుండా చదువుతాను. తప్పు కనిపిస్తే పెన్సిలుతో గీత గీస్తాను. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండమంటే ఉండదు. నేను దిద్దుతున్న సంగతి ఆ పేపరువాళ్ళకు తెలియదు, మర్నాడు మళ్ళీ అవే తప్పులు వేస్తారు. అలా మా ఇద్దరికీ రోజులు గడుస్తున్నాయి.

ఏలూరులో పవర్‌పేట స్టేషనుకు దగ్గర్లో, మేడమీద రెండు గదుల వాటా నాది. తాడేపల్లిగూడెంలో ఉద్యోగం ముగిశాక ఇక్కడికి మారాను. ఇక్కడైతే కైకలూరు బస్సు దొరుకుతుంది. కైకలూరు దాటితే కలిదిండి, కలిదిండి పక్కన మా ఊరు, మా ఊళ్ళో మా మరదలు. పోయిన మా తమ్ముడి భార్య. ఈ లోకంలో నన్ను వదినగారూ అని పిలిచే మనిషి ఆవిడ ఒక్కతే. మిగతా అందరికీ నేను టీచరుగారినే. టీచరుగారు అన్న పిలుపులో గౌరవం ఉంటుంది కానీ, జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యి వేసే చనువు ఉండదు.

మరదలికి ఎకరంన్నర చేపల చెరువు ఉంది. మా నాన్న జీవితమంతా పరాయి పొలంలో పనిచేశాడు, మా తమ్ముడు కొన్న ఆ ఎకరంన్నరే మా ఇంట్లో మొట్టమొదటి నేల. మొదట్లో వరి వేశాడు. చుట్టుపక్కల అన్నీ చెరువులైపోయాక, వాటి ఊట నీటికి వరి నిలవక, తనూ గట్టు వేసి చెరువు తవ్వించాడు. తవ్వించిన మూడేళ్ళకు గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆ చెరువును ఆవిడే చూసుకుంటోంది. అందులో పెంచేది ఫంగస్ చేప. పొలుసు ఉండదు, మీసాలుంటాయి, చూడ్డానికి అందం లేదు. మా వైపు భోజనాల్లో శీలావతి చేపకూ బొచ్చె చేపకూ ఉన్న మర్యాద దానికి లేదు. కానీ ముల్లు తక్కువ, తొందరగా పెరుగుతుంది, హోటళ్ళవాళ్ళు ముక్కలు కోసి వేపుళ్ళకు వాడతారు. చిన్న చెరువులవాళ్ళు చాలామంది దాన్నే నమ్ముకున్నారు.

ఏలూరు వచ్చి నాతో ఉండమని మరదలిని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. రెండో గది ఖాళీగానే ఉంది, మంచం కూడా వేసి ఉంచాను. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు, చెరువుని ఎవరు చూస్తారండీ అని. ఆ చెరువు మీద నాకు కొంచెం కోపం ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడం మంచిది. ఈ కథలో ఆ కోపానికి కూడా పని ఉంది.

ఒకరోజు మా ఊరి చేపల రైతుల సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే, ఇంగ్లీషు క్లాసులో నా నెత్తురు తాగినవాడు. ఫోన్లో ఎవరో పంపిన కాగితం ఒకటి చూపించి, ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఏమన్నా ఉందేమో చూసిపెట్టమన్నాడు. అది ఢిల్లీ నుంచి వెలువడిన బహిరంగ ప్రకటన. మన ప్రభుత్వం వేరే దేశంతో వ్యాపార ఒప్పందం గురించి చర్చలు జరుపుతోంది. అక్కడినుంచి వచ్చే కొన్ని సరుకుల మీద దిగుమతి సుంకం తగ్గించాలని ఆలోచన. ఆ సరుకులతో సంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా ముప్పై రోజుల్లోగా తమ అభిప్రాయం ఈమెయిల్‌లో పంపవచ్చు. ఇదీ సారాంశం. సారాంశం రెండు పేజీలు, దాని వెనక సరుకుల జాబితా నలభై పేజీలు. ఆ జాబితాలో సరుకుల పేర్లకంటే అంకెలే ఎక్కువ.

కార్యదర్శిని కాఫీ తాగమని కూర్చోబెట్టి నేను జాబితా చదివాను. గుండీలు, తోలు చెప్పులు, గాజు సీసాలు, మిరియాలు. చేపల దగ్గరికి వచ్చేసరికి, ముల్లు తీసి గడ్డకట్టించిన మీసాల చేప ముక్కలు అని అర్థం వచ్చే ఒక వరుస కనిపించింది. రెండుసార్లు చదివాను. ఆ దేశంలో విరివిగా పెంచేది మన ఫంగస్ జాతి చేపే. సుంకం తగ్గితే, కోసి, శుభ్రం చేసి, పెట్టెల్లో పెట్టిన ముక్కలు మన హోటళ్ళకు చౌకగా వచ్చి పడతాయి. అప్పుడు మా మరదలి చెరువులో చేపను అడిగేవాడు ఉండడు. కార్యదర్శికి ఆ వరుస చూపించి ఇదే మీరు అన్నాను. అతను ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు, తరువాత ఇందులో మా పేరు లేదుగదండీ అన్నాడు.

ఆ జాబితా అర్థమైన మనిషిని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. విని గర్వం అనుకోకండి. అందరూ నిద్రపోతున్న ఇంట్లో ఒక్కరికే పొగ వాసన తగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. చెప్పాలి, చెబితే నమ్మాలి, నమ్మితే లేవాలి.

నాలుగు రోజుల్లో ఉత్తరం రాశాను. ఒక్క పేజీ. ఎంతమంది చిన్న రైతులు ఈ చేప మీద బతుకుతున్నారో, చెరువు మళ్ళీ పొలం కావడం ఎందుకు కష్టమో, సుంకం తగ్గించక తప్పదంటే కొన్నేళ్ళు గడువు ఎందుకు కావాలో రాశాను. అంత మంచి ఇంగ్లీషు నా ఉద్యోగంలో ఎప్పుడూ రాయలేదు. రాసి, బస్సెక్కి, ఊరు వెళ్ళి, సంఘం గదిలో అందరికీ తెలుగులో చదివి వినిపించాను. బాగుందన్నారు. కార్యదర్శి దాన్ని రెండు కాగితాలుగా చేయించాడు, ఒకదాంట్లో ఉత్తరం, రెండో దాంట్లో సంతకాలకు గీతలు. సంతకాలు రెండో వరుస నుంచి మొదలయ్యాయి. పై వరుస ఖాళీగా ఉంచారు.

ఆ పై వరుస ఊరి పెద్దాయనది. మా ఊళ్ళో ఏ అర్జీకైనా అంతే. చాలా ఏళ్ళ కిందట మురుగుకాలువ పూడిక తీయించమని ఆయన సంతకం లేకుండా ఒక అర్జీ వెళ్తే, ఆఫీసరు చదివి, పెద్దాయన ఏమన్నారు అని అడిగి పక్కన పడేశాడట. అప్పటినుంచి రోడ్డుకైనా, నీళ్ళకైనా, బస్సు ఆపమనడానికైనా ఆయన సంతకం పడ్డాకే కాగితం ఊరు దాటుతుంది. ఆ సమయానికి ఆయన విజయవాడలో ఆస్పత్రిలో ఉన్నారు, గుండెకు ఆపరేషను.

ఆయనకు ఎనభై దాటాయి. మా నాన్న పాతికేళ్ళు పనిచేసింది ఆయన పొలంలోనే. నేను ఏడో తరగతిలో ఉండగా నన్ను బడి మాన్పించి కోతలకు పంపుదామని మా నాన్న అనుకుంటే, పిలిచి, పిల్లని చదవనివ్వరా అన్న మనిషి ఆయనే. ఆ మాట అన్నప్పుడు ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, మా నాన్నా నేనూ కింద వాకిట్లో నిలబడి ఉన్నాం. ఆ మేలూ గుర్తుంది, ఆ ఎత్తూ గుర్తుంది.

నేను కార్యదర్శితో ఒకసారి అన్నాను, మెయిల్‌కు సంతకాలు అక్కర్లేదయ్యా, పేరూ చిరునామా టైపు చేస్తే చాలు, ప్రకటనలో అంతే అడిగారు అని. అతను చాలా మర్యాదగా నవ్వాడు.

"ఊరి కాగితం గదండీ టీచరుగారూ. పెద్దాయన సంతకం పడకుండా పంపేత్తే రేపు ఆయన మొహం ఎలా చూత్తామండీ. ఇంకా తొమ్మిది రోజులుందిగదండీ, ఈలోగా ఆయన లేచి కూచుంటారు."

క్లాసులో ఎనభైమందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, నాకు చెరువా పాడా అనుకుని ఊరుకున్నాను. అలా అనుకోవడం తేలిక. అసలు సంగతి వేరు. ఆ గదిలో ఉన్న పెద్ద రైతుల తండ్రుల దగ్గర మా నాన్న పని చేశాడు. నేను ఎంత చదివినా, ఆ గదిలో అడుగుపెట్టగానే నా గొంతు సగం అయిపోతుంది.

సాయంత్రం మరదలు నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. చెరువు గట్టు మీదుగా నడుస్తున్నాం. ఆవిడ మాటలో మాటగా అడిగింది.

"వదినగారండీ, ఆ కాగితం ఆలీసమయ్యేలా ఉంటే, నా ఒక్కదాని సంతకం పెట్టి పంపెయ్యకూడదా అండీ? నా చెరువు సంగతి నేను చెప్పుకుంటాను."

నేను నవ్వాను. "నీ ఒక్కదాని మాట ఢిల్లీలో ఎవడు వింటాడే? అక్కడ సంఘాలకే దిక్కులేదు" అన్నాను. ఆవిడ కూడా నవ్వేసింది, నిజమేలెండి అంది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆవిడకు సంతకం నేర్పింది నేనే. పెళ్ళయి వచ్చిన కొత్తలో వేలిముద్ర వేసేది. ఒక వేసవిలో కూర్చోబెట్టి పేరు రాయడం నేర్పాను. రాశాక కింద చిన్న గీత గీస్తుంది, చివర చుక్క పెడుతుంది. గీతా చుక్కా నేను చెప్పినవి కావు, సొంతంగా పెట్టుకుంది. ఆ సంతకాన్ని చూసి ఎంత మురిసిపోయానో, అవసరం వచ్చినప్పుడు దానికి విలువ లేదని చెప్పింది కూడా నేనే.

గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు. బుధవారం కార్యదర్శి ఆస్పత్రికి వెళ్తే ఐసీయూలోకి పంపలేదు. గురువారమూ అంతే. శుక్రవారం పొద్దున్న నేను ఫోన్ చేస్తే, సాయంత్రం గదిలోకి మారుస్తారట, రేపు పొద్దున్న కలవనిస్తారట అన్నాడు. ఇవాళే గడువు గదా అన్నాను. ప్రభుత్వం ఆఫీసుగదండీ, ఒక్కరోజు చూడరాండీ అన్నాడు. అతని తప్పు కాదు. అతను చూసిన ఆఫీసులన్నీ మనుషులున్న ఆఫీసులు. ఇవాళ కాకపోతే రేపు రండి అంటారు, బతిమాలితే తీసుకుంటారు. ఆ ఈమెయిలు అవతల బతిమాలడానికి ఎవరూ ఉండరని నాకు తెలుసు, అతనికి తెలియదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఉత్తరం సిద్ధంగా ఉంది. అడ్రసు పెట్టేశాను. పేరు ఒక్కటే పెట్టాలి. మరదలి పేరు, ఊరు, చెరువు ఎంతో నాకు తెలుసు. ఫోన్ చేసి అడిగితే ఆవిడ పెట్టెయ్యమనే అంటుంది. ఒక్క నొక్కు పని. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నాను, తాగలేదు. కింద వాటావాళ్ళ టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది. అయిదు అయింది. అయిదుంబావు అయింది. అప్పుడు ఉత్తరం మూసేశాను.

ఎందుకు పంపలేదని తరువాత చాలాసార్లు అడుక్కున్నాను. పెద్దాయన మీద గౌరవం అని ఒకసారి చెప్పుకున్నాను. ఊరిని కాదని చేస్తే మరదలిని ఊళ్ళో తప్పుపడతారని ఒకసారి చెప్పుకున్నాను. రెండూ అబద్ధాలు కావు. కానీ వాటి అడుగున ఇంకొకటి ఉంది. ఆ చెరువు లేకపోతే ఆవిడ నా దగ్గరికి వచ్చేస్తుందన్న ఆశ. ఆ సాయంత్రం ఆ ఆశ నా చెయ్యి పట్టుకోలేదని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పలేను. మనిషి లేని ఇంట్లో ఎక్కువకాలం ఉంటే బుద్ధి ఇలాంటి దారుల్లో నడుస్తుంది.

శనివారం పొద్దున్న కార్యదర్శి కారులో నేనూ విజయవాడ వెళ్ళాను. పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చెయ్యి సన్నబడిపోయింది. కాగితం ఒళ్ళో పెడితే పై వరుస ఖాళీగా ఉండటం చూశారు. తరువాత నా వైపు చూసి, "నన్ను వదిలేసి పంపించేసుంటారనుకున్నానమ్మా" అన్నారు. కళ్ళు తడిశాయి. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది, అక్షరాలు వంకరగా వచ్చాయి. పెట్టి, గడువు ఉంది గదా అని అడిగారు. ఉందండీ అన్నాడు కార్యదర్శి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆస్పత్రి నడవాలో నిలబడి ఆ రెండు కాగితాలూ ఫొటో తీసి పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది. మీ సందేశం అందింది, గడువు ముగిశాక వచ్చిన అభిప్రాయాలను పరిశీలించడం వీలుపడదు అని. అది ఏ మనిషీ రాసింది కాదు, దానంతట అదే వచ్చే జవాబు. ఏమన్నారండీ అని కార్యదర్శి అడిగాడు. అందిందన్నారు అన్నాను. అదీ నిజమే.

కొన్ని నెలలకు ఒప్పందం కుదిరింది, మా చేప ఉన్న వరుస మీద సుంకం తగ్గింది. ఊళ్ళో అది ఒక్కరోజులో తెలిసిన సంగతి కాదు. వ్యాపారులు పట్టుబడికి, అంటే వల వేసి చేప పట్టి కొనుక్కుపోవడానికి, రమ్మంటే రేపనడం, రేపంటే వచ్చేవారమనడం మొదలుపెట్టారు. ఫంగస్ చేప పట్టవలసిన సమయానికి పట్టకపోతే ఊరుకోదు, తింటూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. సైజు దాటిపోయిన చేపను ఎవరూ అడగరు. మరదలు రోజూ పొద్దున్నా సాయంత్రం మేత చల్లుతూనే ఉంది. తిండి పెట్టకుండా ఎలా ఉంటామండీ, నీళ్ళ మీదికొచ్చి నోళ్ళు తెరుస్తాయి అని ఫోన్లో చెప్పింది.

అప్పుడు సంఘం కోర్టుకు వెళ్దామంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆకులైనా పట్టుకోకుండా ఎలా ఉంటారు? ఏలూరు కోర్టు దగ్గర ఒక లాయరమ్మ ఆఫీసు ఉంది, చిన్నపిల్లే, ఓపికగా వింటుంది. హైకోర్టులో ఆవిడే కేసు వేసింది. వాదన ఇది: రైతుల బతుకు మారే నిర్ణయానికి ముందు వాళ్ళకు తెలిసేలా ప్రకటన ఇవ్వాలి. ఎక్కడో వెబ్‌సైట్లో, ఇంగ్లీషులో, అంకెల జాబితాతో ఇచ్చిన ప్రకటన మా ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది? చిన్న రైతుల తరఫున మరదలి పేరు కూడా కేసులో పెట్టారు. వేలు పెట్టి చూపించిన చోటల్లా గీతా చుక్కా సహా సంతకం పెట్టింది.

ప్రభుత్వం తరఫు జవాబు వచ్చాక లాయరమ్మ మమ్మల్ని పిలిచింది. కార్యదర్శీ, మరదలూ, నేనూ వెళ్ళాం. జవాబులో ఒక వాక్యం దగ్గర పెన్ను పెట్టి తెలుగులో చెప్పింది. ప్రకటన ముప్పై రోజులు అందుబాటులో ఉంది, వ్యాపార సంఘాలు కొన్ని అభిప్రాయాలు పంపాయి, చేపల రైతుల నుంచి గడువులోగా ఎటువంటి అభ్యంతరమూ అందలేదు. ఇది నిజమేనా, మీరేమీ పంపలేదా అని అడిగింది. కార్యదర్శి నా వైపు చూశాడు. నేను సంచిలోంచి ఆ శనివారం మెయిలు కాగితం తీసి ఇచ్చాను.

లాయరమ్మ తేదీ చూసింది. ఉత్తరం చదివింది. చాలా బాగా రాశారండీ అంది. తరువాత కాగితం బల్లమీద పెట్టి, ఇది చూపిస్తే ప్రకటన మనకు అందిందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని, చూపించకపోతే రైతులు నోరు తెరవలేదన్న మాట అలాగే ఉంటుందని చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కార్యదర్శి సంతకాల సంగతి, పెద్దాయన ఆపరేషను సంగతి చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విని నెమ్మదిగా అంది.

"సంఘం అక్కర్లేదండీ. ఒక్క రైతు, ఒక్క పేరు, టైముకి పంపుంటే చాలు. ఈ వాక్యం వాళ్ళు రాయలేకపోయేవాళ్ళు."

మరదలు నా పక్క కుర్చీలోనే ఉంది. నేను ఆవిడ వైపు చూడలేదు. బయటికి వచ్చాక బస్టాండు దాకా నడిచాం. దారిలో జామకాయలబండి దగ్గర ఆగి, నాలుగు కొని, ఉప్పూ కారం వేయించి, రెండు నా చేతిలో పెట్టింది. బస్సెక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను ఆ జామకాయలు ఇంటికి తెచ్చి ప్లేట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆవిడ ఒక్క మాట అని ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.

కేసు నిలవలేదు. ప్రకటన వెలువడింది, గడువు ఇచ్చారు, కావాలంటే రైతులు కొత్తగా విన్నవించుకోవచ్చు అని తేలిందని లాయరమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెద్దాయన ఆస్పత్రి నుంచి వచ్చి మళ్ళీ వరండాలో కుర్చీలో కూర్చుంటున్నారు. కనిపించినప్పుడల్లా మన అర్జీ ఏమైంది అని అడుగుతారు. పైన ఉందండీ అంటారు అందరూ. ఒక్కరోజు ఆలస్యమైందని ఆయనకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. ఆ పై వరుస నింపినప్పటి ఆయన మొహం చూసినదాన్ని, ఎలా చెప్పను?

మరదలు చెరువును గణపవరం వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతుకు కౌలుకు ఇచ్చేసింది. దానికి ముందు చివరి పట్టుబడి. నేను పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. వలవాళ్ళు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు వల లాగుతున్నారు. సైజు దాటిన చేపలు, బుట్టకు నాలుగైదే పడుతున్నాయి. ఒడ్డున, మేత తయారీకి చేపల్ని చౌకగా కొనేవాడి బండి ఆగి ఉంది. మరదలు గట్టుమీద గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, నన్ను చూసి గొడుగు నా మీదికి వంచింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆ రోజు ఇదే గట్టుమీద నువ్వు అడిగావు, నేను నవ్వాను, నీ ఒక్కదాని పేరు పెట్టి పంపుంటే సరిపోయేది అన్నాను. ఆవిడ వల వైపే చూస్తోంది.

"తెలుసండీ. లాయరమ్మగారు చెప్పినప్పుడే అర్థమైంది."

"మరి ఒక్క మాట కూడా అనలేదేమే?"

"అంటే మీరు మళ్ళీ వత్తారో రారో అని భయమేసిందండీ" అంది.

పోగొట్టుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ లేని మనిషి ఇంకొకరు ఈ గట్టుమీద ఉన్నారని, నేను ఒక్కదాన్నే ఒంటరిదాన్ని అనుకుంటూ ఇన్నాళ్ళూ గమనించనే లేదు. కాసేపయ్యాక, సిగ్గులేకుండా, మళ్ళీ అడిగాను. చెరువు లేదు గదా, ఇప్పుడైనా ఏలూరు వచ్చెయ్ అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఊరి చివర చేపలు వేరుచేసి ఐసు పెట్టెల్లో సర్దే షెడ్డు ఉంది, రేపటినుంచి అక్కడ పనికి వెళ్తానంది. అక్కడైతే పదిమంది ఆడవాళ్ళు ఉంటారట, మాటలుంటాయట. మీ దగ్గరికొత్తే మీకు నేను తోడుంటాను, నాకెవరుంటారండీ, మీరు పొద్దస్తమానం పేపరు చదువుకుంటారు అంది. నవ్వుతూనే అంది. నిజమే కాబట్టి నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి రెండో గది తలుపు వేసేసి ఏడ్చాను.

ఆ తరువాత నా చదువు మారింది. పేపరు పక్కన పెట్టి, పొద్దున్నే ఢిల్లీ వెబ్‌సైట్లు తెరుస్తాను. ఏ దేశంతో ఏ చర్చలు, ఏ వరుసలో ఏ సరుకు, ఎప్పటిదాకా గడువు. తప్పులు దిద్దడం మానేశాను. మొన్నామధ్య ఒక ప్రకటన కనిపించింది. తగ్గించిన సుంకాల వల్ల ఎవరికైనా నష్టం జరిగితే, సమీక్ష కోసం తెలపవచ్చు, గడువు ఇరవై ఒక్క రోజులు. మా వరుస అందులో ఉంది. కార్యదర్శికి చెప్పాను. సంఘంలో మాట్లాడదాం, పెద్దాయనకు ఒంట్లో కొంచెం బాగాలేదు, వచ్చేవారం చూద్దామండీ అన్నాడు. అలాగే అన్నాను. ఫోను పెట్టేసి మరదలికి చేశాను.

షెడ్డులో మధ్యాహ్నం అన్నం వేళ. చుట్టూ ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. ప్రకటన సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే అంది.

"అయితే నా పేరు పెట్టండి."

"నీకు ఇప్పుడు చెరువు లేదు కదే" అన్నాను.

"చెరువు లేదుకానీ పోయిన సంగతి చెప్పుకోడానికి నేనున్నానుగదండీ" అంది.

పేరు టైపు చేశాను. ఊరు, మండలం. ఒకప్పుడు చెరువు ఎంతో రాశాను, ఇప్పుడు ఏం పని చేస్తోందో రాశాను. మొత్తం తెలుగులో చదివి వినిపించాను. మధ్యలో ఒకచోట ఆపి, మేత మానలేదని కూడా రాయమంది. రాశాను. చివర ఆవిడ అడిగింది.

"ఇంకెవరి సంతకం కోసమన్నా ఆగాలాండీ?"

"ఎవరి కోసమూ అక్కర్లేదు" అన్నాను.

పంపేశాను. ఫోను అవతల ఆవిడ ఇంకా ఉంది, ఊపిరి వినిపిస్తోంది. నేనూ పెట్టెయ్యలేదు. షెడ్డులో ఎవరో ఆవిడను పనికి పిలిచేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.